ఎవరీ 'మనం'?

2022 అక్టోబరు 31న రాత్రి పదకొండు దాటిన తర్వాత షికాగో నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. ఆ వేళప్పుడు అమెరికా ఫోన్ మోగితే ఏ ఇంట్లోనైనా గుండె గుభేలుమంటుంది. అమ్మ లేచి కూర్చున్నది. "అన్నయ్యా, రోక్వాన్‌ని అమ్మేశాం" అన్నాడు వాడు. వాడేదో ఇల్లు అమ్ముకున్నాడనుకుని అమ్మ కంగారు పడ్డది. రోక్వాన్ అంటే మనిషనీ, బంతాట ఆడే మనిషనీ చెప్పాను. "మనిషిని అమ్మడమేమిట్రా!" అని గొణుక్కుంటూ అటు తిరిగి పడుకున్నది. యీ వ్యాసం రాయడానికి నాకు ఇంత కాలం పట్టింది. అమ్మకు అందులో సగం ఆ ఒక్క నిమిషంలోనే తట్టింది.

మిగిలిన సగం వ్యాకరణానికి సంబంధించింది. తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి గనుక నా చెవి వార్త మీద కాక క్రియాపదం మీద ఆగింది. వాడు 'అమ్మేశారు' అనలేదు, 'అమ్మేశాం' అన్నాడు. ఆ వెంటనే "మనకి రెండో రౌండు పిక్ ఒకటి, అయిదో రౌండు పిక్ ఒకటి వచ్చాయి" అన్నాడు. ఇంగ్లీషువాడికి ఇక్కడ ఉన్నది ఒకటే మాట. మనకు రెండున్నాయి. 'మేము' అంటే వింటున్నవాడు బయట వుంటాడు. 'మనం' అంటే వాణ్ణి కూడా లోపలికి లాక్కున్నట్టే. పదమూడు వేల కిలోమీటర్ల దూరాన, ఆ ఆట ఒక్కటైనా సాంతం చూసి ఎరగని నన్ను కూడా మా తమ్ముడు ఆ అమ్మకంలో భాగస్వామిని చేశాడు. నెలజీతం మీద బతికే యీ ఇద్దరు అన్నదమ్ములు ఒక మనిషిని అమ్మి రెండు చీటీలు పుచ్చుకున్నారన్నమాట!

యీ సంగతి ఆ మధ్య మా అధ్యయన గోష్ఠిలో ప్రస్తావించాను. అందరం గౌరవించే పెద్ద మిత్రుడొకరు వున్నారు. ఆయన కొట్టిపారేశారు. "కోటీశ్వరులు కోటీశ్వరుణ్ణి కోటీశ్వరులకు అమ్ముకుంటే మనకేం పట్టింది? ఆటలు జనాన్ని మత్తులో వుంచడానికి పెట్టుబడిదారు కనిపెట్టిన మందు. అభ్యుదయ రచయిత దాని జోలికి పోతే సమయం దండుగ" అన్నారు. సభలో చాలామంది తలలూపారు. ఆ తలలు ఊపడం మీదే నా ఆక్షేపణ. ఆయన మాట తప్పని నేననడం లేదు, సగంలో ఆగిపోయిందంటున్నాను. మత్తు అని పేరు పెట్టగానే పని అయిపోయినట్టు కాదు. ఆ మత్తులో మనిషి ఏ భాష మాట్లాడుతున్నాడో వినాలి. మెలకువలో వున్నప్పుడు కూడా అదే భాష మాట్లాడుతున్నాడేమో చూడాలి.

ముందు జరిగిందేమిటో చెప్తాను. అక్కడ ఫుట్‌బాల్ అంటే మనకు తెలిసిన కాలిబంతి కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత పట్టుకుని పరుగెత్తే ఆట. బంతి మనదైనప్పుడు ఆడే పదకొండుగురు వేరు, ఎదుటివాడిదైనప్పుడు అడ్డుకునే పదకొండుగురు వేరు. అడ్డుకునేవాళ్ళ నడిమి వరసలో నిలబడి, బంతి పట్టుకుని వచ్చేవాణ్ణి కింద పడేసేవాడు లైన్‌బ్యాకర్. మన కబడ్డీలో పట్టు పట్టేవాడి పనిలాంటిదే. రోక్వాన్ స్మిత్ అలాంటివాడు. జార్జియా విశ్వవిద్యాలయం నుంచి వచ్చాడు. 2018లో షికాగో బేర్స్ జట్టు అతన్ని ఎనిమిదో ఎంపికగా తీసుకున్నది. చొక్కా నంబరు 58. అమ్మిన రోజు నాటికి ఆ సీజనులో మొత్తం లీగులో అందరికంటె ఎక్కువసార్లు ఎదుటివాణ్ణి పడగొట్టినవాడు అతనే. అంచేతనే జనానికి అంత ఆశ్చర్యం. సీజను సగంలో వుంది, పనిలో అందరికంటె ముందున్నవాడు పొద్దున్నే ఊరు మారవలసి వచ్చింది.

అతనప్పుడు అయిదో ఏట వున్నాడు. జీతం ఆ ఏడాదికి సుమారు 97 లక్షల డాలర్లు. ఆ పైన కొత్త ఒప్పందం కావాలన్నాడు. బేరం కుదర్చడానికి మధ్యవర్తిని పెట్టుకోలేదు, తానే మాట్లాడుకున్నాడు. ఆగస్టులో బేరం బెడిసింది. తనను పంపించెయ్యమని కోరుతూ అతనొక ప్రకటన చేశాడు. దాని సారాంశం రెండు ముక్కలు: కొత్తగా వచ్చిన యాజమాన్యపు అధికారులు నాకు విలువ ఇవ్వడం లేదు, జట్టు సొంతదారులైన మెకాస్కీ కుటుంబంతో మాట్లాడే అవకాశం నాకు దొరకలేదు, వాళ్ళు కలగజేసుకుంటే బాగుపడుతుందేమో. యీ రెండో ముక్క చదివినప్పుడు నాకు మన పల్లెలు గుర్తుకొచ్చాయి. గుమాస్తా చెడ్డవాడు, దొర మంచివాడు, దొరగారి చెవిన పడితే న్యాయం జరుగుతుంది. ఎన్ని తరాల రైతుకూలీలు యీ మాట నమ్ముకుని దివాణం మెట్ల కింద నిలబడ్డారు! లక్షల డాలర్ల జీతగాడు కూడా చివరికి ఆ మెట్ల కిందికే వచ్చాడు.

అక్టోబరు 26న అదే జట్టులోని రాబర్ట్ క్విన్‌ను ఫిలడెల్ఫియాకు ఇచ్చేశారు. క్విన్ అంతకు ముందటి ఏడాది, 2021లో, ఎదుటి జట్టు బంతి విసిరేవాణ్ణి పద్ధెనిమిదిన్నర సార్లు పడగొట్టి బేర్స్ జట్టు చరిత్రలోనే రికార్డు పెట్టినవాడు. అతనికి వచ్చిన వెల నాలుగో రౌండు చీటీ ఒకటి. విలేఖరుల ముందు ఆ ప్రస్తావన వచ్చినప్పుడు స్మిత్‌కు కళ్ళ నీళ్ళు తిరిగాయి, మాట ఆగిపోయింది. యంత్రంలాంటి మనిషి పక్కవాడి కోసం ఏడవడం షికాగో అంతా చూసింది. అయిదు రోజులు తిరక్కుండా అతన్నే బాల్టిమోర్‌కు ఇచ్చేశారు. మిగిలిన జీతంలో పెద్ద భాగం తామే భరించి మరీ ఇచ్చారు. 'కన్యాశుల్కం' పాఠం చెప్పేటప్పుడు పిల్లలు ఎప్పుడూ అడుగుతారు, "బేరమాడుతున్నవాళ్ళకి అది అమ్మకమని తెలియదా మాస్టారూ?" అని. తెలుసు. సంబంధం అనే మాట వుండగా అమ్మకం అనే మాటతో పని వుండదు. ఇక్కడ ఆ మాట 'ట్రేడ్'. మా తమ్ముడిలాంటి కొత్త అభిమాని దాన్ని తెలుగులో చెప్పబోయి నిజం చెప్పేశాడు.

ఇక అభిమానుల సంగతి. ఆగస్టులో అతను తనంతట తాను పోతానన్నప్పుడు చాలామంది తిట్టారు. డబ్బు మనిషన్నారు, ఊరిమీద ప్రేమ లేదన్నారు, ఒప్పందంలో ఇంకో ఏడాది వుండగా నోరెత్తడం అవినీతి అన్నారు. అక్టోబరులో యాజమాన్యమే అతన్ని పంపించినప్పుడు, బాధపడ్డవాళ్ళు లేకపోలేదు. చాలామంది బాధపడ్డారు. ఐతే ఆ బాధ ఒక పూట గడిచేసరికి లెక్కలోకి దిగింది. "ఆ స్థానంలో ఆడేవాడికి అంత జీతం దండుగ." "జట్టును మళ్ళీ కట్టుకుంటున్నాం, ఇప్పుడు ఆస్తులు కూడబెట్టుకోవాలి." "ఊరికే పోయేవాడికి రెండో రౌండు చీటీ వచ్చిందంటే మంచి బేరమే." మా తమ్ముడు నాకు చదివి వినిపించిన ఇరవై ముప్ఫై అభిప్రాయాల్లో మనిషి పేరు కన్న 'ఆస్తి' అనే మాట ఎక్కువసార్లు వచ్చింది. ఒకే మనిషి అదే ఊరు విడవడం! అతను అడిగితే ద్రోహం, వాళ్ళు పంపితే వివేకం. యీ తక్కెడలో ఒక సిబ్బెకు ముందే రాయి కట్టివుంది. ఆ రాయి కట్టినవాడు జట్టు సొంతదారు కాదు, నలభై డాలర్లు పెట్టి కారు నిలుపుకుని, చలిలో నిలబడి, తన డబ్బుతో చూసే ప్రేక్షకుడే కట్టాడు. నా వ్యాసానికి విషయం అదీ.

ఆ వర్తకంలో మూడో మనిషి ఒకడున్నాడు. రెండు చీటీలతోపాటు బాల్టిమోర్ నుంచి షికాగోకు ఎ.జె. క్లైన్ అనే ఆటగాడు కూడా వచ్చాడు. స్మిత్ స్థానంలోనే ఆడేవాడు, వయసు మళ్ళినవాడు. మా తమ్ముడు నాకు చెప్పిన మొదటి లెక్కలో అతని ఊసే లేదు. తర్వాత అడిగితే "అవును, ఇంకెవడో కూడా వచ్చాడు" అన్నాడు. మన సంతలో దీనికి చక్కని మాట వున్నది: కొసరు. వంకాయలు కొంటే నాలుగు పచ్చిమిరపకాయలు చేతిలో పెట్టినట్టు. ఆ నవంబరు లోపలే షికాగోవాళ్ళు అతన్ని వదిలించుకున్నారు కూడా. స్మిత్ కోసం ఏడ్చినవాళ్ళున్నారు, తిట్టినవాళ్ళున్నారు. కొసరు మనిషి కోసం ఏడ్చినవాడూ లేడు, తిట్టినవాడూ లేడు. 'కోటీశ్వరుల గొడవ' అని కొట్టిపారేసే మా మిత్రుడు ఒకసారి క్లైన్ వైపు చూడాలని నా మనవి. ఆ లీగులో ఆటగాడి జీవితం సగటున మూడు మూడున్నర ఏళ్ళేనని ఆటగాళ్ళ సంఘమే చెప్తుంది. మనకు వినపడే పేర్లు ఎప్పుడూ పదేళ్ళు నిలిచినవాళ్ళవి. సగటు మనిషి కొసరు మనిషే.

శరీరం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అదే షికాగో జట్టులో 1985 సీజను విజేతల్లో ఒకడు డేవ్ డ్యూర్సన్. అతనూ రక్షణ వరసలోవాడే. తలకు తగిలిన దెబ్బలు మెదడును ఏం చేశాయో పరీక్షించమని చెప్పి 2011లో యాభయ్యో ఏట ప్రాణం తీసుకున్నాడు. అనుమానించినట్టే ఆ జబ్బు బయటపడ్డది. జీతం అంకె పెద్దదని అనేవాళ్ళు ఆ అంకె దేనికి కట్టిన ఖరీదో కూడా చెప్పాలి.

యీ జట్టు పుట్టుక చూస్తే వర్గ సంబంధం ఇంకా తేటపడుతుంది. 1920లో ఇలినాయ్ రాష్ట్రం డెకేటర్ పట్నంలో స్టేలీ అనే పిండిగంజి కర్మాగారం యజమాని జార్జ్ హలాస్ అనే కుర్రవాణ్ణి పిలిచి ఫ్యాక్టరీ పేరున జట్టు పెట్టించాడు. ఆటగాళ్ళు ఫ్యాక్టరీ ఉద్యోగులే. మరుసటి ఏడాది అయిదు వేల డాలర్లు చేతిలో పెట్టి జట్టును షికాగోకు సాగనంపాడు. 1922లో అది బేర్స్ అయింది. హలాస్ 1983లో చనిపోయేదాకా జట్టు అతనిదే, ఆ తర్వాత అతని కూతురి కుటుంబానిది. ఇంకొక వైపు అదే డెకేటర్‌లో, అప్పటికి బ్రిటిష్ కంపెనీ చేతుల్లోకి పోయిన అదే స్టేలీ ఫ్యాక్టరీ, 1993 జూన్‌లో సుమారు 760 మంది కార్మికులను గేటు బయట పెట్టి తాళం వేసింది. రెండున్నర ఏళ్ళు, 1995 డిసెంబరు దాకా, ఆ కార్మికులు పోరాడారు; ఓడిపోయారు. ఎనిమిదేళ్ళ తర్వాత, 2003లో, బేర్స్ జట్టు పిల్లలను అలరించడానికి ఎలుగుబంటి వేషం ఒకటి పెట్టింది. ఆ ఎలుగుబంటి పేరు స్టేలీ. మా తమ్ముడి కూతురు దాని మెడ పట్టుకుని దిగిన ఫోటో మా ఇంట్లో ఫ్రిజ్ మీద వుంది. తీసెయ్యమని నేననలేదు, అనను. పేరు మాత్రం వాళ్ళ నాన్నకు ఎవరూ చెప్పలేదు, నేను చెప్పాను.

ఆటగాళ్ళను ఎంపిక చేసుకునే పద్ధతి 1936 ఫిబ్రవరిలో మొదలైంది. కాలేజీ నుంచి వచ్చే కుర్రవాడు తన యజమానిని తాను ఎంచుకోడు. యజమానులు వంతులవారీగా వాణ్ణి ఎంచుకుంటారు. ఇప్పుడు అభిమాని ముచ్చటపడే 'చీటీ' అదే: ఇంకా పేరు తెలియని ఒక కుర్రవాడి మీద వంతు హక్కు. మొట్టమొదట ఎంపికైనవాడు జే బెర్వాంగర్. ఎంచుకున్న ఫిలడెల్ఫియా అతని హక్కును షికాగో బేర్స్‌కే మార్చేసింది. జీతం దగ్గర హలాస్‌తో పొసగక అతను ఆ వృత్తి ఆటలో ఒక్కరోజు కూడా ఆడకుండా రబ్బరు సరుకు అమ్ముకునే ఉద్యోగంలో చేరాడు. అంటే యీ పద్ధతి కింద చేతులు మారిన మొదటి మనిషే "నేను రాను" అన్న మొదటి మనిషి కూడా. అభిమానులు చెప్పుకునే చరిత్రలో యీ రెండో విశేషాన్ని ఒక తమాషాగా చెప్తారు.

అదే 1936 ఏప్రిల్‌లో లక్నోలో మన రచయితల అఖిల భారత మహాసభ జరిగింది. ఆ ఏడే హైదరాబాదు సంస్థానంలో భాగేలా ఒప్పందాల మీద నిజాం ప్రభుత్వం ఒక రెగ్యులేషన్ తెచ్చింది. అప్పు కింద పాలేరుగా కట్టుబడి, కొత్త దొర అప్పు తీరిస్తే కొత్త దొర దగ్గరికి మారే మనిషి గురించిన చట్టమది. యీ మూడింటినీ ఒక తాడుతో ముడివేసే దుడుకుతనం నాకు లేదు. స్మిత్‌ను భాగేలా అనడం భాగేలాకు అవమానం. నేను చూపేదల్లా ఒక్కటి: మనిషి శ్రమ మీద హక్కు, ఆ మనిషిని అడగకుండా, ఒక యజమాని నుంచి ఇంకొక యజమానికి దాటే ఏర్పాటు. కూలి ఎంతన్నది వేరే ప్రశ్న. దానికి మార్క్స్ దాకా పోనక్కర్లేదు, అమ్మ చాలు.

ఆటగాళ్ళు ఊరుకున్నారా? ఊరుకోలేదు. 1987లో ఇరవైనాలుగు రోజులు సమ్మె చేశారు. కోరిక జీతం ఒక్కటే కాదు, ఒప్పందం తీరాక ఇష్టమైన జట్టుకు పోయే స్వేచ్ఛ. యజమానులు దారినపోయేవాళ్ళను పట్టుకొచ్చి మూడు వారాలు ఆటలాడించారు. టెలివిజన్ చూపించింది, జనం కొందరు వచ్చి చూశారు. సమ్మె విరిగింది. తర్వాత కోర్టులకెక్కి, 1992లో మినియాపొలిస్‌లో జ్యూరీ తీర్పు గెలుచుకున్నాక, 1993లో ఆ స్వేచ్ఛ కొంత వచ్చింది. వస్తూ వస్తూ దానితోపాటు జీతాల మీద కప్పు కూడా వచ్చింది. 1994 నుంచి ఒక్కొక్క జట్టు ఆటగాళ్ళ మీద ఏడాదికి ఇంతకు మించి ఖర్చు పెట్టరాదు. 2022లో ఆ కప్పు 20.82 కోట్ల డాలర్లు.

పాఠకులు యీ కప్పు దగ్గర నాతో కాసేపు ఆగాలి. మొత్తం రాబడిలో ఆటగాళ్ళకు దక్కేది సుమారు 48 శాతం. మిగిలింది యజమానులది. 2021లో లీగు కుదుర్చుకున్న టెలివిజన్ ఒప్పందాలే పదకొండేళ్ళకు సుమారు 11,000 కోట్ల డాలర్లని పత్రికలు రాశాయి. ఇప్పుడు అభిమాని నోట్‌బుక్కు తెరిచి లెక్కవేస్తున్నాడు. స్మిత్‌కు ఇంతిస్తే ఇంకొకడికి అంత తగ్గుతుంది. వీణ్ణి వదిలితే వాణ్ణి పట్టుకోవచ్చు. లెక్క తప్పు కాదు. కప్పు కింద అది నిజమే. కాని ఆ లెక్క మొత్తం నలభై ఎనిమిదిలోపలే జరుగుతోంది. మిగిలిన యాభైరెండు నోట్‌బుక్కులోకే రాదు. ఆకాశంలాగ, ఎవరిదీ కానట్టు, పైన వుంటుంది. ఆటగాడి కంచంలో ముద్ద ఇంకొక ఆటగాడి కంచం నుంచే రావాలని అభిమాని నమ్ముతున్నాడు. ఇంత పకడ్బందీగా ఏ ప్రచారశాఖా ఏ దేశంలోనూ పని చేయించలేదేమో.

మా మిత్రులు నవ్వకూడదు. కాంట్రాక్టు లెక్చరర్లను క్రమబద్ధం చేస్తే మన ఇంక్రిమెంటు ఆగుతుందని రెగ్యులర్‌వాళ్ళు, రెగ్యులర్‌వాళ్ళకు అంతంత పోస్తున్నారు గనుకనే మనకు రావడం లేదని కాంట్రాక్టువాళ్ళు ఒకరినొకరు చూసుకోని స్టాఫ్ రూం యీ రెండు రాష్ట్రాల్లో ఎక్కడుందో చూపించండి. అక్కడా ఒక కప్పు వుంది. అదెవరు కట్టారని మనమూ అడగడం మానేశాం.

ఇప్పుడు నా సంగతి. నేను ఇప్పుడున్న డిగ్రీ కాలేజీకి రాకముందు నాలుగేళ్ళు ఒక ప్రైవేటు కాలేజీలో ఇంటర్ పిల్లలకు తెలుగు చెప్పాను. దానికి చాలా ఊళ్ళలో శాఖలున్నాయి. అక్కడ లెక్కల మాస్టారు ఒకాయన వుండేవారు, నాకన్న పదేళ్ళు పెద్ద. పిల్లలు ఆయన క్లాసుకి బెంచీలు చాలక కిటికీల్లో కూర్చునేవాళ్ళు. కరోనా కాలంలో మా అందరికీ కొన్ని నెలలు సగం జీతమే ఇచ్చారు; కాలేజీలు తెరిచాక ఆ బాకీ అడుగుదామని కాగితం రాసినవాడు ఆయన. జనవరిలో, పరీక్షలు రెండు నెలలున్నాయనగా, ఆయన ఫోనుకు ఒక సందేశం వచ్చింది. సోమవారం నుంచి మూడు వందల కిలోమీటర్ల అవతలి శాఖలో చేరాలి. ఆయనకు బదులు అక్కడి నుంచి ఒక కుర్ర లెక్చరర్‌ను పంపారు. కొసరుగా ఒక ల్యాబ్ అసిస్టెంటును కూడా.

ఆ రోజు స్టాఫ్ రూంలో ఏం మాట్లాడుకున్నామో నాకు బాగా జ్ఞాపకముంది. పాపం అన్నాం. టీ తెప్పించుకున్నాం. తర్వాత ఒకరన్నారు: "ఒకందుకు మంచిదే. ఆయన జీతంలో సగానికి మనకు ఇంకొకరు వస్తారు." ఇంకొకరన్నారు: "మన ర్యాంకులకు ఏం ఢోకా లేదులే, కొత్తతను చురుకైనవాడట." మనకు! మన ర్యాంకులు! నెల తర్వాత మాలో ఎవరికి ఏ సందేశం వస్తుందో తెలియనివాళ్ళం, జీతం బాకీ వున్నవాళ్ళం, యాజమాన్యం కుర్చీలో కూర్చుని యాజమాన్యం లెక్కలు వేశాం. శాలువా కప్పి పంపించాం. కాగితం మీద నా సంతకం లేదు. పెడతానని రెండు రోజులు ఆలోచించాను, యీలోగా కాగితం రాసిన మనిషే వెళ్ళిపోయాడు. శాలువా చందా మాత్రం ఇచ్చాను.

అంచేత మా తమ్ముణ్ణి నేను పై మెట్టు మీద నిలబడి విమర్శించడం లేదు. వాడి 'మనకి' అనే మాట నాకు ఎందుకు గుచ్చుకుందంటే, ఆ మాట నేనూ పలికాను.

మిత్రుడి 'మత్తు' సిద్ధాంతానికి ఇక్కడే చిక్కు వస్తుంది. మత్తు అనుకుంటే, ఆట చూడడం మానేస్తే దిగిపోవాలి. మా స్టాఫ్ రూంలో ఎవరికీ ఏ ఆటా పట్టదు. మమ్మల్ని ఎవరు మత్తులో ముంచారు? ఆట యీ రోగానికి కారణం కాదు. రోగం పైకి కనపడే చోటు. ఇంట్లో, ఆఫీసులో మనిషి తన మాట దాచుకుంటాడు, ఆట దగ్గర దాచుకోడు. యజమాని బుర్రతో ఆలోచించడం ఎంత లోతుకు దిగిందో కొలవాలంటే ఇంతకన్న మంచి కొలబద్ద నాకు కనపడదు. మన ఐ.పి.ఎల్. వేలంపాట 2008 నుంచీ మన కళ్ళ ముందు నడుస్తున్నది. కుర్రవాళ్ళు సంతలో కోడెల బేరం చూసినట్టు చూస్తున్నారు. ఆ కుర్రవాళ్ళు మన క్లాసుల్లో కూర్చునేవాళ్ళే. దాని మీద మన పత్రికల్లో ఎన్ని వ్యాసాలు వచ్చాయి?

అలాగని ఆట మీది ప్రేమ అంతా దొంగదని నేను ఒప్పుకోను. 'మనం' అనే మాటలో ఒక నిజం వుంది. స్టాండులో ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఒకరినొకరు కావలించుకుంటారు. ఆరోరాలో బాలాజీ గుడి మెట్ల మీద ఇద్దరు తెలుగువాళ్ళు ఊరి సంగతి అడక్కుండా ఆదివారం ఆట సంగతి అడుగుతారు. పరాయి దేశంలో, ఎప్పుడు వెళ్ళిపొమ్మంటారో తెలియని వీసా మీద, ఒక ఊరికి చెందిన భావన మా తమ్ముడికి ఇచ్చింది ఆ జట్టే. ఆఫీసు కాదు, ప్రభుత్వం కాదు. స్మిత్ క్విన్ కోసం కళ్ళ నీళ్ళు పెట్టుకున్నప్పుడు వాడూ పెట్టుకున్నాడు. అది అసలైన 'మనం'. దాన్నే సొంతదారులు అరువు తెచ్చుకుంటారు. 2003లో బేర్స్ ఆడుకునే సోల్జర్ ఫీల్డ్‌ను ప్రజాధనంతో పునర్నిర్మించారు. ఇరవై ఏళ్ళు గడిచినా ఆ అప్పు తీరలేదు. 2024 ఏప్రిల్‌లో అదే కుటుంబం ఇంకొక కొత్త స్టేడియం నమూనా తెచ్చి మళ్ళీ ప్రజాధనం అడిగింది. అప్పు దగ్గర జట్టు 'మనది'. లాభం దగ్గర ఎవరిదో చెప్పనక్కర్లేదు. ఉత్తరాన గ్రీన్ బే పట్నంలో అభిమానులే వాటాదార్లయిన జట్టు వుందని కొందరు చూపిస్తారు. వుంది, 1923 నుంచీ వుంది. 2021లో అమ్మిన వాటా ఒక్కొక్కటి మూడు వందల డాలర్లు. దాని మీద లాభం రాదు, బజారులో అమ్ముకోవడానికి లేదు. గోడకు కట్టుకునే యాజమాన్యమది. ఆ జట్టూ ఆటగాళ్ళను కొంటుంది, అమ్ముతుంది.

మా తమ్ముడి లెక్క ఏమైందో కూడా చెప్పాలి, ఎందుకంటే లెక్క మీద లెక్కతోనే మాట్లాడాలి. స్మిత్ పోయిన తర్వాత ఆ సీజనులో షికాగో ఒక్క ఆట కూడా గెలవలేదు. 3 గెలుపులు, 14 ఓటములతో ముగించింది. స్మిత్‌ను అమ్మిన మర్నాడే తమ సొంత రెండో రౌండు చీటీ ఇచ్చి ఛేజ్ క్లేపూల్ అనే ఆటగాణ్ణి పిట్స్‌బర్గ్ నుంచి తెచ్చుకున్నారు. ఏడాది తిరక్కుండా, 2023 అక్టోబరులో, దాదాపు ఉత్త చేతులతో అతన్ని మయామీకి వదిలేశారు. స్మిత్‌కు బాల్టిమోర్ 2023 జనవరిలో అయిదేళ్ళకు 10 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చింది. అతను అడిగింది అతనికి దక్కింది. బాల్టిమోర్ నుంచి వచ్చిన రెండో రౌండు చీటీతో షికాగో 2023లో జర్వాన్ డెక్స్టర్ అనే కుర్రవాణ్ణి తీసుకున్నది, అతనూ రక్షణ వరసలోవాడే. బేరం మంచిదా చెడ్డదా అన్నది నాకు అక్కర్లేని ప్రశ్న. ఓడిపోయిన ప్రతి ఆటకూ సంబరపడమని అభిమానికి నేర్పారు. ఓడితే వచ్చే ఏడు ముందు వంతు వస్తుందట! వచ్చింది కూడా. ఆ ముందు వంతును కూడా మళ్ళీ కెరోలైనాకు అమ్మారు.

2023లో మా తమ్ముడి కంపెనీ షికాగోలో వాడి ప్రాజెక్టు ఎత్తేసింది. డాలస్ వెళ్ళు, లేదా అరవై రోజుల్లో వేరే చోటు చూసుకో అన్నారు. పాపకు బడి మధ్యలో వుంది. ఆ రాత్రి కూడా ఫోన్ చేశాడు. ఈసారి వాడి నోట 'మనం' రాలేదు, 'మేము' కూడా రాలేదు. "వాళ్ళు నన్ను పంపించేస్తున్నారు అన్నయ్యా" అన్నాడు. కంపెనీకి ఖర్చు మిగిలివుంటుందిలే అని నేననలేదు. అలా అనడం ఎంత సులువో నాకు తెలుసు.

పెద్ద మిత్రుడు వచ్చే సంచికలో దీనికి జవాబు రాస్తానన్నారు. తప్పక రాయాలి. నేను ఆటగాళ్ళకు వకాల్తా పుచ్చుకున్నానని ఆయన రాస్తే పేచీ లేదు. ఐతే లెక్కల మాస్టారికి శాలువా కప్పిన నాడు ఆ ఊళ్ళో మన సంఘం సభ్యులం ఏడుగురం ఆ స్టాఫ్ రూంలోనే వున్నాం, కాగితం మీద ఇద్దరి సంతకాలే వున్నాయి. ఆ సంగతికి కూడా ఆయన జవాబులో చోటివ్వాలని కోరుతున్నాను.